యాకయ్య గీసిన సముద్రం

మా ఆయన యాకయ్య సముద్రం చూడలేదు. డెబ్బై నాలుగేళ్లు బతికాడు. చాలా ఏళ్లు సముద్రం ముందు మనుషులను నిలబెట్టి ఫొటోలు తీశాడు. కానీ అసలు సముద్రం మాత్రం చూడలేదు. విశాఖపట్నం పోయే రైళ్లు రోజూ మా డోర్నకల్ స్టేషన్‌లో ఆగి, మా ఇంటి రేకులు అదిరేటట్టు పోయేవి. ఒక్క రోజు కూడా ఎక్కలేదు. ఎక్కితే ఆ రోజు దుకాణం మూయాలి కదా, అందుకని.

నా పేరు కట్టమ్మ. ఆయన పెళ్లాన్ని. మూడో తరగతిలో బడి మానేశాను, సంతకం వచ్చు, అంతే. నేను చెప్తుంటే మా బిడ్డ యమున రాస్తోంది. అది అంగన్‌వాడీ టీచరు. నేను ఒక తీరు చెప్తే అది ఇంకో తీరు, బడి తెలుగులో రాస్తుంది. రాయనీ. ఆయన గురించి రాయమని అడిగింది కూడా అదే. మంచిగా చెప్పమంది. మంచి చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలి, రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

పెళ్లికి ముందు ఆయన మానుకోటలో మొండయ్య అనే పెయింటర్ దగ్గర దుకాణాల బోర్డులు రాసేవాడు. తర్వాత ఎక్కడో కెమెరా పట్టడం నేర్చుకుని, స్టేషన్ రోడ్డులో రేకుల గది ఒకటి అద్దెకు తీసుకుని ఫొటో స్టూడియో పెట్టాడు. ముందు అర్రలో ఫొటోలు, వెనక అర్రలో మా కాపురం. ఫొటోలో మనుషుల వెనక నల్ల దుప్పటి ఒకటి ఉండేది. వచ్చినవాళ్లు దాన్ని చూసి మూతి తిప్పేవాళ్లు.

"ఖమ్మంల తాజ్‌మహల్ పరదా ఉన్నదట. మీకాడ దుప్పటేందే యాకన్నా?"

యమున నడక నేర్చిన ఏడు, ఆయన తెల్లటి మందపు గుడ్డ నాలుగు బారలు తెచ్చి నాతో కుట్టించాడు. దానికి బంక, సుద్ద కలిపి పూసి గోడకు బిగించాడు.

"తాజ్‌మహల్ గీస్తవా?" అని అడిగాను.

"తాజ్‌మహల్ అందరు గీస్తరు. నేను సముద్రం గీస్త."

"ఎన్నడన్న చూసినవా?"

"చూసినంక గీసుడు అందరితోని అయితది."

ఇరవై రోజులు గీశాడు. సముద్రం దాకా దిగడానికి మెట్లు కావాలి. ఆయనకు తెలిసిన పెద్ద మెట్లు మా స్టేషన్ వంతెనవే. పొద్దున్నే పోయి వంతెన మీద నిలబడి, కిందికి చూసి, మెట్లు లెక్కపెట్టుకుని వచ్చేవాడు. రెండో నంబర్ ప్లాట్‌ఫాం ఉండాల్సిన చోట నీళ్లు పెట్టాడు. మెట్లకు అటూ ఇటూ తంగేడు గుత్తులు, మధ్యమధ్యలో గునుగు పూలు, పైన మా పెరట్లో ఉన్న కాగితం పూలను తోరణంలా గీశాడు.

"సముద్రం ఒడ్డుకు తంగేడు మొలుస్తదా?" అన్నాను.

"మొలవకుంటె నేను మొలిపిస్త తియ్యి."

అంతా అయింది కానీ, నీళ్లూ ఆకాశమూ కలిసే చోట చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు. నాలుగు రోజులు కుంచె ముట్టలేదు. చివరికి ప్లాట్‌ఫాం మీద విశాఖ రైలు గార్డును పట్టుకుని అడిగాడు. ఆ గార్డు ఆ దిక్కు మనిషి. "గీతేమీ ఉండదండీ, పొద్దున పూట ఏది నీళ్లో ఏది ఆకాశమో తెలీదు, మసగ్గా ఉంటుంది" అన్నాడట. మా ఆయన ఇంటికి ఉరికొచ్చి, తెల్ల రంగులో కాస్త నీలం కలిపి, పాత గుడ్డపేలికతో రుద్ది రుద్ది ఆ చోటంతా మసక చేశాడు. చేసి నన్ను పిలిచాడు.

చాట చేత్తో పట్టుకునే పోయి చూశాను. ఎంత బాగుందంటే, కాళ్లు వాటంతట అవే మొదటి మెట్టు మీద పడతాయేమో అనిపించింది. ఆ మాట అనొచ్చు కదా. నా నోటికి మంచి మాట తొందరగా రాదు.

"నీ సముద్రానికి కంట్ల పొర వచ్చినట్టున్నది" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆయనకు నా మీద కోపం తెచ్చుకోవడం చేతకాదు.

ఆ పరదా ముందు మొదట నిలబడింది మా పక్కింటి మార్తమ్మ. చర్చి బడిలో ఆయాగా చేసేది. "యాకన్నా, చెప్పులు ఇడిచి నిలబడాల్నా? నీళ్లల్ల తడుస్తయేమో" అని అడిగి అందరినీ నవ్వించింది. తర్వాత ఇక ఆగలేదు. రైల్వే కూలీలు చూసి "గిది మన వంతెనే గదరా" అని ఎగతాళి చేశారు, చేసినవాళ్లే పెళ్లాం పిల్లలను తెచ్చి నిలబెట్టారు. చుట్టుపక్కల తండాల నుంచి, గార్ల దిక్కు నుంచి కూడా వచ్చేవాళ్లు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. మనుషులను నిలబెట్టి, తలలు సరిచేసి, ఇక కెమెరా దగ్గరికి పోతాడనుకునే సమయానికి మళ్లీ వెనక్కి వచ్చేవాడు. అరచేత్తో పరదాను పై నుంచి కిందికి ఒకసారి నిమిరేవాడు. మడత ఉంటే ఫొటోలో సముద్రం విరిగినట్టు పడుతుందట. నిమిరి, "మడతలు పోయినయి" అని తనలో తను అనుకుని, అప్పుడు పోయి ఫొటో తీసేవాడు. ఆ మాట అనకుండా ఒక్క ఫొటో తీయలేదు.

నన్ను కూడా అడిగేవాడు. "కట్టమ్మా, మన ఇద్దరిది ఒకటి దిగుదామే. నేనంత సరిజేసి పెడత, మార్తమ్మ ఒత్తుతది."

"నాకు పని లేదా? పొయ్యి మీద పప్పున్నది."

మళ్లీ ఏడాదికి అడిగేవాడు. అప్పుడు పొయ్యి మీద ఇంకేదో ఉండేది. పరదా ఇంట్లోనే ఉంది, మనిషి ఇంట్లోనే ఉన్నాడు, ఎప్పుడైనా దిగొచ్చు అనుకున్నాను.

ఆ రోజుల్లో మా దగ్గరికి ఇంకో రకం వాళ్లు కూడా వచ్చేవాళ్లు. ఇంట్లో పెద్దవాళ్లు పోతే దినాలకు ఫొటో కావాలి. బతికుండగా ఎవరూ ఒక్కరే దిగి ఉండరు. ఎవరిదో పెళ్లి ఫొటోలో, గుంపులో మూలన నిలబడ్డ తల ఒకటి దొరికేది. మా ఆయన ఆ తలను కత్తిరించి, ఖాళీ పరదా ఫొటో మీద అతికించి, అతుకు కనపడకుండా రంగు దిద్ది, మళ్లీ ఫొటో తీసి పెద్దది చేసేవాడు. పోయినవాళ్లు పూల మెట్ల మీద నిలబడి, వెనక మసక సముద్రంతో ఇంటికి పోయేవాళ్లు. బిడ్డలు చూసి ఏడ్చి, "మంచి తావుల ఉన్నడు" అనుకునేవాళ్లు. ఆ ఫొటోలు ఆరేదాకా మా ముందు అర్రలో, పరదాకు పక్క గోడకు వేలాడేవి. అక్కడ పెట్టొద్దని నాకు తోచలేదు, ఆయనకూ తోచలేదు.

యమున ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక రోజు తండా నుంచి పూల్‌సింగ్, అతని భార్య రుక్కి వచ్చారు. పూల్‌సింగ్ తండ్రి పోయాడు. ఆ ఫొటో తీసుకుపోవడానికి వచ్చారు. ముగ్గురు పిల్లలకు కొత్త బట్టలు తొడిగి తెచ్చారు. వారంలో అందరూ పూణే దిక్కు కూలికి పోతున్నారట, పోయే ముందు ఇంటిల్లిపాదీ ఒక ఫొటో దిగాలని ఆశ.

నేను అప్పటికి మూడుసార్లు అన్నానికి పిలిచాను. ఆయన రాలేదు. చిన్నపిల్ల తలలో పూలు సర్దుతున్నాడు, నడిపోడి చొక్కా గుండీ పెడుతున్నాడు, మళ్లీ వెనక్కి వచ్చి పరదా నిమురుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. గడపలో నిలబడి అన్నాను.

"ఇంకెంతసేపు నిమురుతవ్? గా మెట్ల కాడ నిలబడ్డోడు ఒక్కడన్న మల్ల ఇంటికి మర్లి వచ్చిండా? అందరు ఇగో, గీ గోడకే ఉన్నరు."

రుక్కి తల తిప్పి గోడ చూసింది. నాలుగు ఫొటోలున్నాయి. నాలుగింటిలో నలుగురు పోయినవాళ్లు. అందులో ఒకరు ఆమె మామ. అవే మెట్లు, అదే తంగేడు. తర్వాత తన పిల్లల వెనక ఉన్న మెట్లు చూసింది. వాళ్ల భాషలో ఏదో అంది. పిల్లలు ముగ్గురూ పరదా ముందు నుంచి పక్కకు వచ్చేశారు.

"వద్దు సాబ్. ఇంకోపాలి దిగుతం" అంది.

పూల్‌సింగ్ గునిశాడు. "ఏందే, కొత్త అంగీలు ఏసుకొని ఇంత దూరం వచ్చినం గదా."

"నువ్వు నిలబడు. నా పిల్లలను నిలబెట్ట."

మామ ఫొటోను చీర కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. మా ఆయన కెమెరాకు గుడ్డ కప్పాడు. కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చుని తిన్నాడు. "పప్పు మంచిగున్నది" అన్నాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదు.

మాట కాళ్లు లేకుండానే నడిచింది. తండాకు పోయింది, అక్కడి నుంచి ఊళ్లకు పోయింది. ఆరు నెలలకు నేను అంగడికి పోతే, దోసకాయలు అమ్మే ఆమె నేనెవరో తెలియక నాకే చెప్పింది. "డోర్నకల్ టేషన్ కాడ ఫొటోల దుకానం ఉన్నదట అక్కా. గా పరదా ముంగట నిలబడితె ఏడాది తిరగదట."

నా నోటి మాటే. తిరిగి తిరిగి, ఏడాది గడువు ఒకటి తగిలించుకుని నా దగ్గరికే వచ్చింది. నేను నవ్వి, "ఆ మాట అన్నది నేనేనే పిచ్చిదానా" అనాలి. అనలేకపోయాను. అంతమంది నమ్మిన మాటలో ఏదో ఉంటుందని నాకే భయం పట్టుకుంది. ఆ రోజు నుంచి ముందు అర్ర ఊడ్చేటప్పుడు పరదా ముందు నిలబడకుండా పక్క నుంచే చీపురు పోనిచ్చేదాన్ని. పరదా ముందు ఎవరూ నిలబడటం లేదు. పోయినవాళ్ల ఫొటోలు మాత్రం వస్తూనే ఉన్నాయి, వాళ్లకు భయమేముంది.

ఒక రోజు మా ఆయన నా పక్కన కూర్చున్నాడు.

"కట్టమ్మా, ఒక్క ఫొటో. నువ్వు, నేను. పెద్దగ జేసి దర్వాజ కాడ పెడత. ఫొటో తీసేటోడు, వాని పెండ్లం నిలబడ్డంక ఇంకెవలు భయపడతరు?"

"నాతోని కాదు."

"ఎందుకు కాదే?"

"నాకేమన్న అయితె యమునను ఎవలు సాదుతరు?"

ఆయన నా దిక్కు తిరిగాడు. "గా మాట అన్నది నువ్వే గదనే."

"అన్నది నేనే. అందుకే భయం."

ఇంకోసారి అడగలేదు. మర్నాడు పరదా విప్పి, మడత పడకుండా వెదురు బొంగుకు చుట్టి, అటక మీద పెట్టాడు. నీలం గుడ్డ ఒకటి కట్టాడు. దాని ముందు నిలబడి దిగిన ఫొటో దేనికీ "మడతలు పోయినయి" అనలేదు.

తర్వాత కంప్యూటర్ ఫొటోలు వచ్చాయి. మా ఎదురుగా యుగేందర్ స్టూడియో పెట్టాడు. మా దుకాణం జిరాక్సుల దుకాణమైంది. అది కూడా కొన్నాళ్లే. ఆయనకు కళ్లు తగ్గాయి. ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయాము. పొర అయితే తీసేవాళ్లం, ఇది లోపల నరం ఎండిపోవడం, పోయిన చూపు రాదు అని డాక్టర్ చెప్పాడు. బస్సులో వస్తూ ఆయన నాతో అన్నాడు, "గార్డు సార్ చెప్పింది నిజమేనే. గీత లేదు. అంత మసకనే." నేను కిటికీ దిక్కు తిరిగాను. సముద్రానికి కంట్ల పొర అన్నది నేనే కదా.

ఇక నేను చేసిన రెండో పని. ఆయన కళ్లు పూర్తిగా పోయిన ఏడు, మా తమ్ముడు కొమురయ్య మిరపకాయలు కల్లంలో ఆరబోశాడు. కాలం కాని కాలంలో మబ్బు పట్టింది. కప్పడానికి టార్పాలిన్ పట్టాలు చాలలేదు. నేను ఇంటికి ఉరికి అటక మీది పరదా దించాను. మందపు గుడ్డ, రంగు పూసిన గుడ్డ, నీళ్లు దిగవు. ఒక్క ముక్కగా రెండు కుప్పలకు సరిపోదని కత్తెరతో నడిమికి కోశాను. మెట్లు ఒక దిక్కు, సముద్రం ఒక దిక్కు. సముద్రం కప్పిన కుప్పలో మిరపకాయలకు నీలం అంటుకుందని కొమురయ్య నన్నే తిట్టాడు. వాన వెలిశాక ఆ ముక్కలు కంచె మీద వేశారు. మేకలు నమిలాయి, ఎండకు చినిగాయి. నేను తిరిగి తెచ్చుకోలేదు.

కోసిన రోజు ఇంటికి వస్తే ఆయన మంచం మీద నుంచి అడిగాడు. "అటక మీద చప్పుడైంది. ఏం దించినవ్?"

"పాత సంచులు" అన్నాను.

నిరుడు చలికాలం ఆయనకు ఆయాసం ఎక్కువైంది. ముద్ద మింగుడు పడటం లేదు. ఒక పొద్దున మంచం మీద లేచి కూర్చున్నాడు. యమున కూడా అక్కడే ఉంది.

"కట్టమ్మా, ఇప్పుడన్న దిగుదామా? బిడ్డ పెద్దగైంది. ఇప్పుడు దాన్ని సాదేటోళ్లు అక్కరలేదు" అన్నాడు, నవ్వుతూ.

వద్దనడానికి నోరు రాలేదు. పరదా లేదని చెప్పడానికి అంతకన్నా రాలేదు.

"దిగుదాం" అన్నాను.

"పరదా దించుండ్రి మరి."

యమున నా ముఖం చూసింది. నేను సైగ చేశాను. అది స్టూలు జరిపింది, అటక మీద చెయ్యి పెట్టి చప్పుడు చేసింది, దుప్పటి ఒకటి గట్టిగా దులిపింది, గోడకు మేకు కొట్టినట్టు రెండు దెబ్బలు కొట్టింది. ఆయనకు తెల్ల అంగీ తొడిగి, ముందు అర్రలోకి నడిపించుకొచ్చి, దసరాకు సున్నం వేసిన గోడ ముందు నిలబెట్టాను. పక్కన నేను నిలబడ్డాను. యమున ఫోన్ పట్టుకుంది.

"నా తల ఎక్కడి దాక వచ్చింది?" అని అడిగాడు.

"మసక దాక."

"మెట్లు కనవడాలె. మూడన్న కనవడాలె."

"నాలుగు కనవడుతున్నయి."

"తంగేడు?"

"నా భుజం కాడ ఒక గుత్తి ఉన్నది."

తల ఊపాడు. యమున తీయబోతుంటే, "ఆగు బిడ్డా" అన్నాడు. వెనక్కి తిరిగాడు. అరచెయ్యి గోడకు పెట్టి, పై నుంచి కిందికి, మెల్లగా నిమిరాడు. చెయ్యి కింది దాకా వచ్చి కాసేపు అక్కడే ఉంది. తర్వాత ఆయన నిటారుగా నిలబడి, నా భుజం వెతుక్కుని, దాని మీద ఆ చెయ్యి వేశాడు.

"మడతలు పోయినయి. తియ్యి బిడ్డా" అన్నాడు.

పెద్దతనానికి చెయ్యి మొద్దుబారింది, గోడకూ గుడ్డకూ తేడా తెలియలేదు అనుకున్నాను. గండం గడిచిందనుకుని సంతోషపడ్డాను కూడా. నా తెలివి అంత.

ఇరవై రోజులకు పోయాడు. దినాలకు ఫొటో కావాలి. ఆయనది ఉన్నది ఆ ఒక్కటే. ఫోన్‌లో చూసి కొమురయ్య అన్నాడు, "ఊరందరికి సముద్రం పెట్టినోడు. ఆయినకు వట్టి గోడనా అక్కా?"

యుగేందర్ మంచివాడు. "పెద్దమ్మా, పెద్దయ్య పరదాది పాత ఫొటో ఒక్కటి దొరకనీ. వెనక పెడత, ఎవలు గుర్తుపట్టరు" అన్నాడు. ఆ కబురు తండాకు పోయింది. రుక్కి తన మామ ఫొటో పట్టుకుని వచ్చింది. ఇప్పుడు తలంతా తెల్లబడింది. కొంగుతో అద్దం తుడిచి నా ఒళ్లో పెట్టింది. ఇరవై ఏళ్ల పైన అయింది ఆ ఫొటో మా గోడ మీది నుంచి పోయి. తంగేడు పసుపు కొంచెం వెలిసింది. సముద్రం అట్లాగే ఉంది.

"గా దినం మీ పిల్లలు నిలబడకుంట చేసిన" అన్నాను.

"మా నడిపోడు పూణేలనే ఉండిపోయిండు. ముగ్గురు ఒక్కతాన ఉన్న ఫొటో మాకు లేదు" అంది.

"ఇన్నేండ్లయినా నా మాట మర్వలేదా?"

"ఫొటో ఉంటె మర్సిపోయేదాన్ని."

ఇద్దరం యుగేందర్ దుకాణానికి పోయాము. వాడు మా ఫొటోను కంప్యూటర్‌లో పెద్దగా చేశాడు. ఆయన ముఖం, నా ముఖం, నా భుజం.

"పెద్దమ్మా, పెద్దయ్య వేళ్లకు తెల్లగ అంటింది. తుడిచేద్దునా?" అన్నాడు.

దగ్గరికి జరిగి చూశాను. నా భుజం మీద ఆయన నాలుగు వేళ్లు. వేళ్ల కొసలకు సున్నం. నా నీలం రవిక మీద కూడా నాలుగు తెల్ల మచ్చలు. పన్నెండేళ్లు రోజూ ఆ పరదాను నిమిరిన చెయ్యి అది. చేతికి సున్నం అంటుకుంటుంటే ఆ మనిషికి తెలియదా? తెలుసు. తెలిసే ఆ మాట అన్నాడు. పరదా ఏమైందని కూడా అడగలేదు.

"ముట్టకు" అన్నాను.

"మరి వెనక సముద్రం?"

"వద్దు. గోడనే ఉండనీ."

ఆ ఫొటో ఇప్పుడు ముందు అర్రలో ఉంది, పరదా కట్టిన చోటే. వచ్చినవాళ్లు గోడ ఏమిటని అడుగుతారు. పరదా కోసింది నేనే అని చెప్తాను. కొందరు నమ్మరు, కొందరు నమ్మి ఇంకోసారి రారు.

విశాఖపట్నం తీసుకుపోతాను, సముద్రం చూద్దువు అని యమున అంటోంది. ఆయన చూడనిది నేనెందుకు చూడాలి. చలికాలంలో మంచు పడిన పొద్దున స్టేషన్ వంతెన ఎక్కుతాను. పైన నిలబడి చూస్తే రెండో నంబర్ ప్లాట్‌ఫాం కనపడదు, అంతా మసక. మూడు మెట్లు దిగి, పక్కన ఒక మనిషికి చోటు వదిలి, కమ్మీ పట్టుకుని నిలబడతాను.

"ఏ రైలుకు అవ్వా?" అని కూలీలు అడుగుతారు.

"ఏ రైలుకు కాదు. మీ పని చూసుకోండ్రి" అంటాను.

రైలు వచ్చేసరికి కింద మనుషులు, మూటలు కనబడతాయి. అప్పుడు ఇంటికి వస్తాను.